బరువు ఎటు పోతే చీల అటు

తన ఆవు పాలు పలచబడితే ఆవునే అనుమానించే మనిషి ఈనక్ పార్డో. ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే అతను మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచేవాడు, ఇంకెవరు తెరిచి ఉంచారో చూద్దామని. గడియ వేసిన తలుపును మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి నాలుగోసారి లాగేవాడు. "ఈయనకి అనుమానంతో చిన్నప్పుడే పెళ్ళయిపోయింది. నేను రెండోదాన్ని" అనేది అతని భార్య హెస్టర్, ఇంటికొచ్చిన వాళ్ళందరితో, అతను వినేలాగే.

ఒక్క మాట అతని పక్షాన చెప్పాలి. అతని ఉద్యోగమే అనుమానించడం. పద్ధెనిమిదేళ్ళు ఆల్డర్‌షా దివాణం వారి చిన్న రైలుకు పట్టాలు చూసుకున్నాడు. పట్టాలను నమ్మినవాడు ఆ పనికి పనికిరాడు.

ఆ రైలు పెట్టింది సర్ గాడ్‌ఫ్రీ మాసింగం. పెద్ద రైలు స్టేషను నుంచి దివాణానికి రెండున్నర మైళ్ళు, అంతా ఎగుడే. చలికాలం వస్తే బొగ్గు బళ్ళు బురదలో ఇరుసు దాకా దిగబడేవి. గుర్రాలు చచ్చేవి, బండివాళ్ళు మానేసేవాళ్ళు. వేరే దొరలైతే రోడ్డు వేయించేవారు. ఈయనకు ఇనుము పిచ్చి. మూరెడు కన్నా తక్కువ వెడల్పున పట్టాలు పరిపించి, మనిషి ఛాతీ ఎత్తున్న ఇంజను చేయించి, దానికి కన్నతల్లి పేరు పెట్టారు, డోర్కస్ అని. ఆ తల్లి అప్పటికింకా బతికే ఉంది. ఆర్నెల్లు కొడుకుతో మాట్లాడలేదు. చుట్టుపక్కల దొరలు చూడ్డానికి వచ్చి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఆ బళ్ళలో కూర్చుని, పైకి వెళ్ళేదాకా నవ్వి, దిగేటప్పుడు తమకూ ఒకటి కావాలని అడిగేవారు.

ఈనక్‌ను ఆయనే పెద్ద రైలు కంపెనీ నుంచి పిలిపించుకున్నారు. ఇంజను నడపడానికి ఈనక్ తన బావమరిది సెత్ యాప్‌ను తెచ్చాడు. హెస్టర్‌కు తమ్ముడు. బొగ్గుగనిలో ఇంజను తోలినవాడు, నవ్వు మొహం, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన పైపు. ఇద్దరికీ దివాణం వారే పక్కపక్కన ఇళ్ళిచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఇల్లు. అక్కడి పద్ధతి అది.

ఈనక్ పని ఏమిటంటే, పట్టా కిందున్న ప్రతి దిమ్మె మీదా ఒక ఇనుప గూడు ఉంటుంది. పట్టా ఆ గూట్లో కూర్చుంటుంది. పట్టాకూ గూటికీ మధ్య అరచేతంత ఓక్ చెక్క చీలను సుత్తితో దిగగొడతారు. పట్టాను పట్టుకుని ఉండేది ఆ చీలే. ఒకటి ఊడితే ఫరవాలేదు. వరసగా నాలుగు ఊడితే పట్టా పక్కకు జరుగుతుంది, బండి పడుతుంది. అందుకని రోజూ తెల్లవారగానే మొదటి బండి కదలకముందు ఈనక్ రెండున్నర మైళ్ళూ నడిచి, వదులైన చీలనల్లా దిగగొట్టేవాడు. చీల ఎటు నుంచి కొట్టాలన్నదానికి ఒక సూత్రం ఉంది. కుర్రతనంలో అతనికి పని నేర్పిన మేస్త్రీ చెప్పింది: బరువు ఎటు పోతే చీల అటు. బరువు బండి పోయేకొద్దీ పట్టా వెంట్రుకవాసి చొప్పున దానితోపాటు అటే జరుగుతుంది. జరిగే పట్టా చీలను కూడా అటే ఈడ్చి బిగిస్తుంది. బొగ్గు పైకి పోయేది, ఉత్త బళ్ళు కిందికి వచ్చేవి. కనుక ఈనక్ పద్ధెనిమిదేళ్ళూ చీలలను దివాణం వైపుకే కొట్టాడు.

యుద్ధం వచ్చింది. దొరగారి ఒక్కగానొక్క కొడుకు ఫ్రాన్సులో పోయాడు. మరుసటి ఏడాది దొరగారు పోయారు. దొరసానిగారు లండనులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. మిగిలింది క్రౌదర్ అనే ఏజెంటు. చెడ్డవాడని అనలేను. రాయినీ మనిషినీ ఒకే చూపు చూసే మనిషి, అంతే.

వెయ్యిన్ని తొమ్మిదివందల ఇరవయ్యొకటి వేసవిలో ఆ పక్క చుక్క వాన పడలేదు. వాగు ఎండి రాళ్ళు తేలాయి. ఆ జూన్‌లోనే మొదటిసారి ఈనక్‌కు దిమ్మె పక్కన పడి ఉన్న చీల కనబడింది. ఎండకు చెక్క కుంచించుకుపోయిందనుకున్నాడు. అది మామూలే. రెండు బకెట్ల చీలలు నీళ్ళలో నానేసి, ఉబ్బినవి తెచ్చి కొట్టాడు. వారం తిరక్కుండా అవీ పడ్డాయి. జూలైలో రోజుకు ఇరవై పడితే ఆగస్టులో అరవై. గట్టిగా కొట్టినవి, ఉబ్బినవి, కొత్తవి, అన్నీ పడుతున్నాయి.

చెక్క ఇలా చేయదు. ఇలా చేసేది మనిషి. ఈనక్ బుర్రలో ఆ మాట ఒకసారి దిగిందంటే ఇక దాన్ని లాగే పట్టకారు లేదు.

సున్నపు సుద్ద తీసుకుని చీల మీదుగా ఇనుప గూటి మీదికి అడ్డంగా గీతలు గీశాడు. చీల కదిలితే గీత రెండు ముక్కలవుతుంది. మర్నాడు చూస్తే వందలాది గీతలు విరిగి ఉన్నాయి. ఇంకో వింత కూడా చూశాడు. కొన్ని చీలలు బయటికి జరిగితే, కొన్ని లోపలికి దిగి ఉన్నాయి. తను కొట్టినంత కన్నా లోపలికి. ఎవరో తన చీలల మీద చేయి వేస్తున్నారు.

"హెస్టర్, సాయంత్రం పూట లైను మీద ఎవరన్నా తిరుగుతున్నారా?"

"కుందేళ్ళు తిరుగుతున్నాయి. పిలిచి అడగనా?"

"వేళాకోళం కాదే. ఎవడో చీలలు లాగుతున్నాడు."

"ఎవడికి పట్టింది నీ చెక్కముక్కలు లాగే పని? ముందు నువ్వు ఆ కళ్ళజోడు మార్చు. నిన్న పంచదారనుకుని టీలో ఏం వేసుకున్నావో నాకు తెలుసు."

"ఉప్పే వేసుకున్నా."

"అదే నేను చెప్పేది."

మూడోనాటి సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఈనక్ వాగు మీది వంతెన పక్క చెట్ల వెనక నక్కాడు. లైను వెంట ఒక మనిషి వచ్చాడు. వంగుతున్నాడు, చీల పట్టుకుని సుత్తితో కొడుతున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు. చేతిలో బొగ్గు పగలగొట్టే సుత్తి, నోట్లో ఆరిపోయిన పైపు. సెత్.

కొట్టేది ఊడగొట్టడానికేనని ఈనక్ తేల్చేసుకున్నాడు. తన భార్య తమ్ముడు. ముప్పయ్యేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కూ తన బల్ల దగ్గర పేగుముక్కల కూర తిన్నవాడు. కానీ ఆ నొప్పి పూటైనా నిలవలేదు. వెనకాలే కారణాలు వరసకట్టి వచ్చేశాయి. కలప కొనే వ్యాపారి మనిషి ఒకడు సారాకొట్టులో సెత్‌కు బీరు పోయించాడు. ఈ ఆటబండి ఆగిపోతే లారీ పెడతాం, తోలడానికి నువ్వు రా అన్నాడు. ఇదంతా హెస్టరే నవ్వుతూ చెప్పింది. సెత్ ఒప్పుకోలేదని కూడా చెప్పింది. ఒప్పుకోనివాడు బీరెందుకు తాగాడు? అనుమానానికి ఈ మాత్రం తాడు దొరికితే చాలు, ఏనుగునైనా కట్టేస్తుంది.

అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది. ఈనక్ అడగలేదు. దొంగను అడిగితే జాగ్రత్తపడతాడని అతని సిద్ధాంతం.

ఆగస్టు చివరి వారంలో వంతెన మీద దుంగల బండి పట్టా తప్పి వాగులో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మర్నాడు పొద్దున్నే క్రౌదర్ ఇద్దరినీ ఆఫీసుకు పిలిచాడు.

"వరసగా పన్నెండు చీలలు లేవు. అయితే పట్టాలవాడు నిద్రపోయుండాలి, లేకపోతే ఎవడో లాగుండాలి. మీలో ఒకరు పోతారు. ఎవరన్నది మీరే చెప్పండి" అన్నాడు.

ఈనక్ చెప్పాడు. చెట్ల వెనక నుంచి చూసింది, సారాకొట్టు, లారీ, అన్నీ. చెబుతున్నంతసేపూ సెత్ మొహం చూడలేదు.

"ఏమంటావ్ యాప్?"

"నేను లాగలేదండీ. దిగగొట్టాను."

"చీలలు కొట్టడం డ్రైవరు పని కాదే. ఎందుకు కొట్టావు?"

సెత్ పైపు నోట్లోంచి తీశాడు. ఈనక్ వైపు, అతని కళ్ళజోడు వైపు కాసేపు చూశాడు.

"ఊరికే" అన్నాడు.

ఆ "ఊరికే" విన్నాక ఈనక్‌కు మిగిలిన కాస్త సందేహమూ తీరిపోయింది. ఊరికే సుత్తి పట్టుకుని సాయంత్రాలు తిరిగేవాడు లోకంలో ఎవడూ ఉండడు. రెండు వారాల్లో ఇల్లు ఖాళీ చేయమన్నాడు క్రౌదర్. నడవడిక ఉత్తరం ఇవ్వనన్నాడు. అసలు దెబ్బ అదే. ఆ దేశంలో పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం లేనివాణ్ణి గాడిదలు తోలడానికి కూడా పెట్టుకోరు. సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో, షికారుకు వచ్చినవాళ్ళను తిప్పే ఇలాంటి చిన్న రైలుకే డ్రైవరు కావాలని సెత్‌కు కబురు వచ్చింది. అందులో మొదటి ప్రశ్నే ఉత్తరం ఉందా అని.

హెస్టర్ ఆ పూట నుంచి మొగుడితో మాట్లాడ్డం మానేసింది. వండి పెట్టేది, పళ్ళెం బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టేది, తను తమ్ముడి ఇంటికి పోయి తినేది.

సెత్ లైను మీదికి రావడం ఆగిపోయింది. తోటమేస్త్రీ ఏమోస్ భయంభయంగా ఇంజను నడుపుతున్నాడు. మొదటిరోజు పొద్దున ఈనక్ కొత్తగా సుద్ద గీతలు గీశాడు. దొంగ పోయాడు, ఇక చీల కదిలితే ఒట్టు అనుకున్నాడు. మధ్యాహ్నం లైను పక్కన కూర్చుని రొట్టె, చీజు, ఉల్లిపాయ తింటున్నాడు. పైనుంచి దుంగల బళ్ళు ఆరు దిగి వస్తున్నాయి. ఎదురుగా మూడడుగుల దూరంలో తను గీసిన గీత ఉంది.

మొదటి బండి పోయింది. గీత మధ్యలో సన్నగా విరిగింది. రెండో బండి పోయింది. విరుగు గోటి మందమైంది. ఈనక్ ఉల్లిపాయ కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, నేల మీద పడుకుని చూశాడు. బండి చక్రం పోయినప్పుడల్లా పట్టా కిందికి జరుగుతోంది, చీలను వెంట ఈడ్చుకుపోతోంది. అయిదో బండికి చీల సగం బయటికొచ్చింది. ఆరోది పోయాక టప్పున కింద పడింది. ఎవరూ లాగలేదు. దరిదాపుల్లో మనిషే లేడు.

బరువు ఎటు పోతే చీల అటు.

బరువు కిందికి పోతోంది. మే నెల నుంచీ కిందికే పోతోంది. మొదట తోపులోని ఓక్ చెట్లు, తర్వాత మొక్కలు పెంచే అద్దాలగది చట్రాలు, తర్వాత పియానో, దొరగారి పుస్తకాల పెట్టెలు, బిలియర్డ్స్ బల్ల. దివాణానికి బొగ్గు కావాల్సిన పనే లేదు, పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు లేరు. ప్రతి బండికీ ఈనక్ పక్కకు తప్పుకుని టోపీ తాకి దారిచ్చాడు. అన్నీ చూశాడు. ఆ ఇల్లు ఖాళీ అవుతోందన్న ఒక్క ముక్క మాత్రం బుర్రకెక్కనివ్వలేదు. సర్ గాడ్‌ఫ్రీ ఇల్లు ఖాళీ అవడమేమిటి? రేపో మాపో మళ్ళీ బొగ్గు పైకి పోతుంది. అందుకే పడిన ప్రతి చీలనూ మళ్ళీ దివాణం వైపుకే కొడుతూ వచ్చాడు. కూలివాళ్ళందరికీ ఆ సూత్రం నేర్పినవాడు, తను మాత్రం దాన్ని తలుచుకోలేదు. లోకంలో అందరినీ అనుమానించి తన చేతిలోని సుత్తిని నమ్మాడు.

రొట్టె అక్కడే వదిలేసి లేచాడు.

నేరుగా సెత్ ఇంటికి వెళ్ళాడు. సెత్ గిన్నెలకు గడ్డి చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. హెస్టర్ అక్కడే ఉంది. ఈనక్ గుమ్మంలోనే నిలబడి చూసింది చూసినట్టు చెప్పాడు.

"మరి నువ్వు సాయంత్రాలు ఎందుకొచ్చేవాడివి?" అని చివర అడిగాడు.

"ఎందుకా? నీకు చూపు ఆనడం లేదనుకున్నా. పొద్దున నువ్వు నడిచి పోయిన చోటే నాకు ఊడిన చీలలు కనపడుతున్నాయి. క్రౌదర్‌కి తెలిస్తే నిన్ను పంపేస్తాడని, బండి పెట్టేశాక వచ్చి కొట్టి పోయేవాణ్ణి."

"నా కళ్ళకేమైంది?"

"ఇదిగో, ఇప్పుడు కూడా అదే ముందడుగుతున్నాడు చూడక్కా!" అన్నాడు సెత్. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నువ్వు గుడ్డివాడివనుకున్నా బావా. గుడ్డివాడివైనా బాగుండేది."

"అక్కడ క్రౌదర్ ముందు చెప్పొచ్చుగా?"

"ఏమని? మా బావకి కళ్ళు కనపడవు, ఆయన్ని తీసేసి నన్ను ఉంచండి అనా?" పెట్టె మూత దభాలున వేశాడు. "వెళ్ళండి పార్డోగారూ. నాకు సర్దుకునే పనుంది."

ముప్పయ్యేళ్ళలో సెత్ అతన్ని ఇంటిపేరు పెట్టి పిలవడం అదే మొదలు. హెస్టర్ తల ఎత్తలేదు.

అక్కణ్ణుంచి ఈనక్ క్రౌదర్ దగ్గరికి వెళ్ళాడు. సెత్ ఉద్యోగం సెత్‌కు ఇమ్మన్నాడు.

"ఉద్యోగం ఎక్కడుంది పార్డో? సెప్టెంబరు ఆఖరుకి పట్టాలు పీకేస్తున్నాం. పాత ఇనుము వాళ్ళు కొన్నారు" అన్నాడు క్రౌదర్, కలం కింద పెట్టకుండానే.

"అయితే ఉత్తరం ఇవ్వండయ్యా. ఆ ఒక్కటీ చాలు."

"వాగులో పడిన బండికి ఎవరో ఒకరు కారణం అవ్వాలి. యాప్ కాకపోతే నువ్వే. అది నువ్వు రాసి సంతకం పెడితే అతనికి ఉత్తరం ఇస్తాను. నీకు మాత్రం ఉండదు. తెలుసుగా?"

"తెలుసయ్యా."

ఈనక్ రాశాడు. పలుపు పేనినట్టు ఒక్కో అక్షరం రాసేవాడు, గంట పట్టింది. చీలలు తప్పువైపు కొట్టింది తనేననీ, సెత్ యాప్ వల్ల ఏ లోపమూ జరగలేదనీ. రాసింది మూడుసార్లు చదువుకుని, సిరా ఆరాక నాలుగోసారి చదివి ఇచ్చాడు. బయటికొచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు, సెత్ సామాను స్టేషనుకు రైలు మీదే పంపమని, ఇంజను సెత్‌నే తోలనివ్వమని. పోయే రైలే కదా అని క్రౌదర్ ఒప్పుకున్నాడు.

సెత్ బయలుదేరే శనివారానికి తొమ్మిది రోజులున్నాయి. అమ్మిన కలపంతా దిగిపోవడంతో ఆ బళ్ళు ఆగిపోయాయి. ఈనక్ రెండున్నర మైళ్ళలోని చీలలన్నీ, పదివేల పైచిలుకు, ఒక్కొక్కటే ఊడదీసి తిరగేసి కిందివైపుకు కొట్టడం మొదలుపెట్టాడు. మూడోనాడు మధ్యాహ్నం తల ఎత్తితే హెస్టర్ చీలల బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"నీకోసం కాదు. మా వాడి సామాన్లో మా అమ్మ గడియారం ఉంది. అది వాగులో పడితే నిన్ను కూడా తోస్తా" అంది.

"సరే" అన్నాడు ఈనక్. అంత ఆనందం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు.

రాత్రికి చేతులు వాచేవి. తెల్లారి మళ్ళీ వెళ్ళేవారు. కొట్టిన ప్రతి చీల మీదా ఈనక్ సుద్ద గీత గీశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

శనివారం పొద్దున సెత్ వచ్చాడు. సామాను మూడు బళ్ళకు ఎత్తారు. కానీ అతను ఇంజను ఎక్కలేదు. బొగ్గు సుత్తి తీసుకుని ఏమోస్‌ను ఎక్కమని, మనిషి నడకన వెనక రమ్మని చెప్పి, తను ముందు నడిచాడు. తోచిన చోటల్లా వంగి చీల మీద తట్టి వింటున్నాడు.

పద్ధెనిమిదేళ్ళలో సెత్ ఒక్కసారి కూడా ఇంజను దిగి పట్టా చూసి ఎరగడు. డ్రైవరు పట్టాలవాణ్ణి నమ్మాలి, లేకపోతే రైలు నడవదు. ఇప్పుడు ఈనక్ కళ్ళ ముందే వంగి వంగి తట్టి చూస్తున్నాడు. ఈనక్ బళ్ళ వెనక తల దించుకుని నడిచాడు. అది తనకు తగిన శిక్షేనని అతనికి తెలుసు, అయినా ఒక్కొక్క తట్టూ డొక్కలో తగిలింది. వంతెన మీద మాత్రం సెత్ ఒక్క చీల వదలకుండా అన్నీ చూశాడు. ఇంజను ఆవిరి బుసకొడుతుంటే అక్కడి చప్పుడు వెనక్కి వినబడలేదు.

స్టేషనులో సామాను దించి పెద్ద రైలు ఎక్కించారు. సెత్ అక్కను కావలించుకున్నాడు. ఉత్తరం ఉన్న జేబు తడుముకున్నాడు. ఈనక్ చేయి చాచలేదు, చాచే మొహం లేదు. బండి కదలబోతుండగా సెత్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అన్నీ చూశా బావా" అన్నాడు. "ఒక్కటి కూడా వదులు లేదు."

బండి వెళ్ళిపోయింది. హెస్టర్ కళ్ళు తుడుచుకుంటూ ఏమోస్‌తో పాటు ఇంజను మీద పైకి పోయింది. ఈనక్ నడిచి వస్తానన్నాడు. ఆ మాట విన్న సంతోషం వంతెన దాకా నిలిచింది. అక్కడ అతని బుద్ధి అడ్డం తిరిగింది. పదివేల చీలల్లో ఒక్కటీ వదులు లేదా? అరవై దాటినవాడు, ఈ కళ్ళతో, తొమ్మిది రోజుల్లో కొట్టినవాటిలో? మోకాళ్ళ మీద కూర్చుని, జోడు ముక్కు చివరకు లాక్కుని, గీతలు ఒక్కొక్కటీ చూశాడు.

వంతెన మధ్యలో ఒకచోట వరసగా నాలుగు గీతలు విరిగి ఉన్నాయి. చీలలు వేలెడు లోపలికి దిగి ఉన్నాయి. తలల మీద బొగ్గు సుత్తి మసి, మూడేసి దెబ్బలు.

ఈనక్ ఆ నాలుగింటి పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాడు. హెస్టర్ వెతుక్కుంటూ వచ్చేసరికి, కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఏమైంది?" అంది.

"నాకు చూపు ఆనడం లేదే" అన్నాడు ఈనక్.